పాతబండికి ప్రామాణ్యమేది?

అమెరికా దేశపు టెలివిజనులో వంటలు నేర్పు కార్యక్రమములెన్ని గలవో, పాత మోటారుబండ్లను బాగుచేయు కార్యక్రమములును ఇంచుమించుగా నన్ని గలవు. ఇవి మగవారి వేడుకలని తలంచి మన స్త్రీలలో ననేకులు ఆ వేళకు లేచి వంటయింటిలోనికి పోవుదురు. మావారు 2019లో గతించిన పిమ్మట నేను మిచిగన్ రాష్ట్రమున మా కుమారుని యింట నుంటిని. చలికాలపు సాయంకాలములందు అతడును, మనుమరాలును ఈ కార్యక్రమములు చూచుచుండగా, వారికి తోడుగా కూర్చుండి నేనును చూడసాగితిని. చూచినకొలదియు ఇవి వట్టి యినుపసామానుల ముచ్చట్లు కావని తోచినది. పాతవస్తువును బాగుచేయుట యనగా నేమి? బాగుచేసిన తరువాత నది ఆ వస్తువేనా? ఈ ప్రశ్న అమ్మమ్మ కాసులపేరు కరిగించి క్రొత్తనగ చేయించుకొన్న ప్రతి యింటను ఉన్నదే గదా!

ఈ కార్యక్రమములలో ఎక్కువగా కనబడునవి 'మజిల్ కార్లు'. మజిల్ అనగా కండ. నడితరముగా నుండు సంసారపుబండిలో పెద్దబండి యింజనును బిగించినచో నది కండలు తిరిగిన బండియగును. 1964వ సంవత్సరపు పాంటియాక్ జి.టి.ఓ. ఈ జాతికి మూలపురుషుడని పెక్కండ్రు చెప్పుదురు. నడితరపు బండ్లలో 330 ఘనపుటంగుళములకు మించిన యింజను పెట్టరాదని జనరల్ మోటార్సు సంస్థవారికి ఒక కట్టుబాటుండెను. పాంటియాక్ శాఖలోని జాన్ డిలోరియన్ మొదలగువారు దానిని తప్పించుకొనుటకు యుక్తి పన్నిరి. ఇది క్రొత్తబండి కాదనియు, లెమాన్స్ అను పాతబండికే కోరినవారికిచ్చు అదనపు సామగ్రి యనియు చెప్పి, అందు 389 ఘనపుటంగుళముల యింజనును దూర్చిరి. ఆ యేడు 32,450 బండ్లు అమ్ముడుపోయినవి.

ఇక పేరన్ననో, అది ఇటలీ దేశపు ఫెరారివారి పందెపుబండి నుండి ఎత్తి తెచ్చినది. ఆ మూడక్షరములలో కడపటిదానికి, పందెములకు తగినదని అధికారులచే ఆమోదింపబడినది యని యర్థము. పాంటియాకు బండి కట్టి యామోదమేదియు లేదు. ఇంతటితో పోలేదు. 1964 మార్చిలో 'కార్ అండ్ డ్రైవర్' అను పత్రికవారు ఈ బండిని నడిపి చూచి దాని వేగమును మిక్కిలి కొనియాడిరి. వారికి పంపిన బండిలో 389 బదులు 421 ఘనపుటంగుళముల యింజను ఉండెనని, దాని ప్రచారమునకు తోడ్పడిన జిమ్ వాంగర్స్ అనునాయన పెక్కేండ్లు గడచిన పిదప తానే బయటపెట్టెను! అసలుదనమునకై నేడింత పట్టుదల చూపువారి కులదైవమునకు పుట్టుకలోనే ఇన్ని మాయలున్నవి. ఈ సంగతి తెలిసినది మొదలు, టెలివిజనులో ఎవరైన 'ఇది అసలైనది' యని గట్టిగా అనినప్పుడెల్ల నాకు కొంచెము నవ్వు వచ్చుచుండును.

టెలివిజనులో ఈ పని రెండు త్రోవల జరుగుచుండును. 2004లో మొదలైన 'ఓవర్‌హాలిన్' అనుదానిలో, యజమానికి తెలియకుండ ఇంటివారే కుట్రచేసి బండిని అప్పగింతురు. చిప్ ఫూజ్ అను రూపకర్త తన మనుషులతో వారము దినములు రాత్రింబవళ్ళు పనిచేసి దానిని మార్చివేయును. చక్రములు పెద్దవగును, రంగు మారును, లోపలి ఆసనములు మారును. కడపట యజమాని వచ్చి చూచి కన్నీరు పెట్టుకొనును. అది ఆతని బండియే, కాని ఆతడెన్నడును చూడని బండి. ఆ కన్నీటిని నేను శంకింపను. కాని ఆ యేడ్పు బండి దొరికినందుకా, తన్ను తలంచినవారు నలుగురున్నారని తెలిసినందుకా యనునది నాకెన్నడును తేలలేదు.

రెండవ త్రోవ దీనికి కేవలము విరుద్ధము. ఆరెగన్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు ఊరిలో తీసిన 'గ్రేవ్‌యార్డ్ కార్జ్' అను కార్యక్రమము 2012లో మొదలైనది. డాడ్జి, ప్లిమత్ బండ్లను కర్మాగారమునుండి వెలువడిన నాడెట్లుండెనో అట్లే నిలుపవలెనని వీరి వ్రతము. ఇందులో నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచిన దొకటున్నది. ఆ కాలమున కర్మాగారములలో పనివారు తొందరతో రంగు చిమ్మునప్పుడు అది ప్రక్కభాగములపై కూడ పడుచుండెడిది. ఇది సరిచూచితిమని తెలుపుటకు సుద్దతోను, మైనపు కణికతోను రేకులపై గీతలు గీచెడివారు. నేడు పునరుద్ధరించువారు ఆ చిమ్మిన మరకలను, ఆ గీతలను, పాత ఛాయాపటములు చూచి పనిగట్టుకొని మరల వేయుచున్నారు! ఏబదియేండ్ల క్రిందట పేరు తెలియని పనివాడొకడు భోజనపు గంట కొట్టుటకు ముందు పరధ్యానముగా గీచిన గీతను, నేడొక నిపుణుడు ఊపిరి బిగబట్టి అనుకరించుచున్నాడు. గీత సరిగా వచ్చును. పరధ్యానమెట్లు వచ్చును?

ఇదంతయు నాకు వినోదముగానే యుండెడిది. ఒకనాడు మా అబ్బాయి, "అమ్మా, నాన్నగారి బండిని మళ్ళీ కొత్తదానిలా చేయిద్దామనుకుంటున్నాను" అనెను. అప్పటినుండి వినోదము పోయి విచారణ మొదలైనది.

మావారు 1971లో ఇంజనీరుగా ఈ దేశమునకు వచ్చిరి. నేను రెండేండ్లకు తెనాలినుండి వచ్చి చేరుకొంటిని. అది 1973 చివర. అరబ్బు దేశములు చమురు ఆపివేయుటచే ఇచట పెట్రోలు కొఱకు బండ్లు బారులు తీరియుండెను. గాలను నలుబది సెంట్లలోపు దొరకునది ఏబది దాటినది. చమురు త్రాగు కండలబండ్లను వదిలించుకొనిన చాలునని జనులు తొందరపడుచుండిరి. ఆ యదనున మా వీధిలోని వారొకరు తమ 1968వ సంవత్సరపు జి.టి.ఓ.ను అమ్మజూపగా, 1974లో మావారు కొనిరి. వారికి వేగముపై మోజు లేదు. చౌకగా వచ్చినదని కొనిరి. ముదురాకుపచ్చ రంగు, నల్లని ఆసనములు. ముందుభాగమున ఎండ్యూరా యను మెత్తని పదార్థముతో చేసిన బంపరు; దీనిని సుత్తితో కొట్టినను సొట్టపడదని ఆ రోజులలో ప్రకటనలు చూపెడివారు. మా యింటి వెనుక నిమ్మకాయలు త్రొక్కించి, చక్రమునకు పసుపు కుంకుమ లుంచి పూజ చేసితిమి. ఆ కుంకుమ స్టీరింగు నడుమనున్న చీలికలోనికి దిగి నేటికిని ఎఱ్ఱగా కనబడును. 1977లో మా అబ్బాయి పుట్టినప్పుడు ఆసుపత్రినుండి వచ్చినది ఆ బండిలోనే. పిట్స్‌బర్గు వేంకటేశ్వరస్వామి కోవెలకు పోయివచ్చినదియు అందులోనే. ఒకమారు వెనుక పెట్టెలో ఆవకాయ జాడీ దొర్లిపోగా ఆ నూనె వాసన రెండేండ్లు వదలలేదు.

1979 చలికాలమున వెనుక ఆసనము కుట్టు విడిపోయినది. కుట్టించుటకు డబ్బులేక, నేనే దబ్బనము వంటి సూదితో, దారము నాలుగుపేటలు చేసి కుట్టితిని. కుట్టు బలముగా వచ్చినది గాని అందముగా రాలేదు. 1981లో ఇంజను బేరింగులు పట్టుకొనిపోయినవి. మావారు పాతసామానుల దొడ్డిలో ఒక పెద్ద పాంటియాకునుండి తీసిన 350 ఘనపుటంగుళముల యింజనును కొని తెచ్చి, స్నేహితుని సాయముతో రెండు శని ఆదివారములలో బిగించిరి. 400దియు, 350దియు పైకి ఒక్క తీరుననే యుండును. చూచువారికి భేదము తెలియదు.

తెలియునది అంకెల వలననే. ఈ లోకములో అంకెలే జాతకము. ప్రతి బండికిని ఒక సంఖ్య ఉండును. 1968 నుండి అందలి కొన్ని యంకెలను ఇంజను దిమ్మపైన కూడ కొట్టెడివారు. బండి సంఖ్యయు ఇంజను సంఖ్యయు కలసినచో 'మ్యాచింగ్ నంబర్స్' అని విలువ ఎంతయో పెరుగును. పాంటియాకు బండ్లలో ఇంకొక చిత్రము గలదు. 1964, 1965 సంవత్సరములలో జి.టి.ఓ. వేఱుబండిగా లెక్కకు రాలేదు గనుక, దాని సంఖ్యయు మామూలు లెమాన్స్ సంఖ్యయు ఒక్క తీరుననే మొదలగును. 1966 నుండి మాత్రమే 242 వచ్చినది. కావున ఆ తొలి యేండ్ల లెమాన్స్‌కు బిరుదక్షరములతికించి జి.టి.ఓ. యని అమ్ముట సులభము. నిజము తేల్చవలెనన్న కర్మాగారపు పాత లెక్కల నకళ్ళను పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వారినుండి తెప్పించుకొనవలసినదే. పాంటియాకు పేరుతో బండ్లు తయారగుట 2010తో ఆగిపోయినను దాని కరణము లెక్కలు మాత్రము నిలిచియున్నవి.

మా అబ్బాయియు తెప్పించెను. బండి 242దే, రంగు, ఆసనములు అన్నియు కాగితముతో సరిపోయినవి. ఇంజను మాత్రము కులము తప్పినది. చూడవచ్చిన పనివాడొకడు, "దానికేమి, సరియైన సంవత్సరపు 400 దిమ్మ తెచ్చి, దానిపై పాతయంకెలు చెఱిపి మీ బండి యంకెలు కొట్టుదుము. ఎవరికిని తెలియదు" అనెనట. ఇట్లు చేయుట ఈ వ్యాపారములో క్రొత్త కాదు. సంఖ్యకొక విలువ ఏర్పడిన చోట దొంగసంఖ్య పుట్టకుండునా?

ఆ రాత్రి భోజనముల దగ్గఱ మా అబ్బాయి ఈ మాట చెప్పి ఊరకుండెను. అతనికిష్టము లేదని మొగము చెప్పుచున్నది. కాని పోనిమ్మని అనలేకయున్నాడు. మా కోడలు, "అమ్మేదుందా ఏమన్నానా? అమ్మనప్పుడు ఎవరిని నమ్మించాలి?" అని ఒక్కమాటలో తేల్చివేసినది. నేనంటిని: "నాయనా, వేఱొక బండి గుండె తెచ్చి పెట్టుట తప్పుకాదు, మీ నాన్నగారును అదే చేసిరి. దానిపై ఈ బండి పేరు చెక్కి, నేను దీనితోనే పుట్టితినని దానిచేత చెప్పించుట మాత్రము వద్దు. మీ నాన్న రెండు వారములు చేతులు కాల్చుకొని బిగించిన ఇంజను అసలు లేనేలేదని చెప్పినట్లగును."

ఆ మాట అక్కడితో ఆగినది. అంతకంటె చిక్కైనది వేఱొకటి మిగిలినది. సంఖ్యలు కొట్టింపకున్నను, తక్కినదంతయు 1968 నాటికి తీసికొనిపోవచ్చును గదా! మా కుట్టు తీసివేసి ఆనాటి నమూనాతో నేడు తయారగు క్రొత్త తొడుగు వేయవచ్చును. మిచిగన్ వీధులలో మంచు కరగుటకు చల్లు ఉప్పు తిని తుప్పుపట్టిన రేకులు తొలగించి, క్రొత్తగా అచ్చొత్తి అమ్మునవి అతుకవచ్చును. కుంకుమ కడిగివేయవచ్చును. అది ఎవరినైనను మోసగించుట కాదు. ఐనను నాకు మనసొప్పలేదు. ఏల యొప్పలేదో చెప్పుటకు చాలదినములు మాట దొరకలేదు.

మన ఊళ్ళలో కోవెల జీర్ణోద్ధారణ చేయునప్పుడు, ముందుగా మూలమూర్తియందలి కళను ఆవాహన చేసి బాలాలయమున నిలుపుదురు. గోడలు, గోపురము, సున్నము, అన్నియు మార్చినను ఆ కళ పోకుండ ఒకచోట పదిలముగా నుండును. పని ముగిసిన తరువాత కుంభాభిషేకముతో దానిని మరల లోనికి తెత్తురు. బండిని ముక్కముక్కలుగా విప్పునప్పుడు మనము ప్రక్కకు తీసి పదిలపఱచవలసినది ఏది? టెలివిజనువారు కర్మాగారపు దినమును పదిలపఱతురు. అది వారికి సరియే. వారికి ఆ బండితో వేఱే పరిచయము లేదు.

నేను మా అబ్బాయిని అడిగితిని: "ఏ దినము నాటి బండి కావలెను నీకు? 1968లోని దానిని నేనెఱుగను, మీ నాన్నయు ఎఱుగడు. ఆనాడు నీవు పుట్టనేలేదు." అతడు తలవంచుకొని కొంతసేపటికి, "చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చుంటే నీ కుట్టు ముడులు తొడకు గుచ్చుకునేవమ్మా. పిట్స్‌బర్గు దాకా వాటినే లెక్కపెట్టుకుంటూ పోయేవాణ్ణి" అనెను. అతడు తిరిగి తెచ్చుకొన గోరునది సుమారు 1983వ సంవత్సరము. ఆ బండిని ఏ కర్మాగారమును చేయలేదు. ఏ కాగితమునందును లేదు.

ఈ విషయములో నాకు ధైర్యమిచ్చినది మఱియొక బండి కథ. 1968లో వచ్చిన 'బుల్లిట్' అను చలనచిత్రమున స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చని మస్టాంగు బండిని ఎఱుగనివారు ఈ దేశమున తక్కువ. దానిని న్యూజెర్సీలోని ఒక కుటుంబమువారు 1974లో పత్రికా ప్రకటన చూచి 6,000 డాలర్లకు కొనిరి. ఆ యింటి యిల్లాలు బడిపంతులమ్మ. లోకప్రసిద్ధమైన ఆ బండిలో ఆమె దినదినము బడికి పోయివచ్చెడిది! 1977లో మెక్వీన్ తానే ఉత్తరము వ్రాసి బండిని తిరిగి కొనగోరినను వారు ఇయ్యలేదు. 1980 ప్రాంతమున క్లచ్చి చెడగా దానిని మూలబెట్టిరి. పిదప కుమారుడు దానిని నడచునట్లు చేసి, 2018 జనవరిలో డెట్రాయిటు ప్రదర్శనమున లోకమునకు చూపెను. రంగు వేయలేదు. తుప్పు, గీతలు, చిత్రము తీయునప్పుడు కెమెరాలు బిగించుటకు అతికిన యినుపముక్కలు, అన్నియు ఉన్నవి ఉన్నట్లే యుంచెను. 2020 జనవరిలో అది 34 లక్షల డాలర్లకు పాట పాడబడినది. ధర మాట యటుంచుడు. పంతులమ్మ బడికి పోయిన యేండ్లను ఎవరును ఆ బండినుండి కడిగివేయలేదు. నాకు నచ్చినది అది.

ఆ చిత్రమునకే వాడిన రెండవ బండి గతి వేఱు. అది మెక్సికోలో తుప్పుపట్టి యుండగా కొన్నవారు, అదేదో తెలియక, వేఱొక చిత్రములోని 'ఎలినార్' అను బండికి నకలుగా మార్చబూనిరి. సంఖ్య చూచుటచేత 2017లో గుట్టు బయటపడినది. అంకెలను నేను ఎగతాళి చేయుచున్నానని యనుకొనకుడు. అవి లేనిచో ఒక అసలుబండి నకలుబండిగా మారిపోయియుండెడిది. అంకెలు చెప్పగలిగినంత అవి చెప్పును. తక్కినది చెప్పుటకు మనుషులుండవలెను.

గడచిన వేసవిలో మా బండి పని మొదలైనది. బ్రేకులు, చమురుగొట్టములు, టైర్లు, కిటికీల రబ్బరులు, అన్నియు క్రొత్తవి వేయించితిమి. వీనిలో పాతదనమునకై పట్టుపట్టుట ప్రాణములమీదికి తెచ్చును. కాళ్ళక్రింద తుప్పుతిన్న రేకు కోసి క్రొత్తది అతికిరి. మావారు తెచ్చిన 350 యింజనునే విప్పి బాగుచేయించితిమి. దాని సంఖ్య దానికే యున్నది. ఏయే భాగము ఏ యేట మారినదో మనుమరాలు ఒక పుస్తకములో వ్రాయుచున్నది. 1981 పుటలో తాతగారి పేరును, 1979 పుటలో నా పేరును వ్రాసినది. ఆసనములో రెండుచోట్ల నా కుట్టు సడలగా, చూపానక సూదిలో దారమెక్కించి యిమ్మని దానినే అడిగి, పాతరంధ్రములలోనే మరల కుట్టితిని. ఈమారు ముడులు కొంచెము చిన్నవిగా వచ్చినవి. మా అబ్బాయి తడిమి చూచి ఏమియు అనలేదు.

తలుపు సంగతి ఒక్కటి తేలలేదు. 1978లో మంచుమీద బండి జాఱి కుడితలుపు సొట్టపడగా, మావారు దిద్దించి రంగు వేయించిరి. అది తక్కినదానికంటె ఒక వన్నె తక్కువ పచ్చ. దానిని మాత్రమైనను సరిచేయింతమని మా అబ్బాయి. ఎండలో చూచినగాని తెలియదు గదా, ఉండనిమ్మని నేను. కోడలు ఎవరి పక్షమును పలుకుట లేదు. అసలు పచ్చరంగు డబ్బా ఒకటి తెచ్చి గారేజిలో బల్లమీద పెట్టినారు. దాని మూత ఇంకను తీయలేదు.